గాలం చివర ఆ మూరెడు దారం: ఎందుకు? ఎలా?

గాలం సామాన్ల దుకాణంలో రాడ్డు, రీలు ఎంచుకోవడం అంత కష్టం కాదు. తికమకంతా దారం దగ్గరే. నైలాన్, ఫ్లోరోకార్బన్, బ్రెయిడ్, ఉక్కు తీగ అంటూ చుట్టలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని ధరకూ ఇంకోదాని ధరకూ పొంతన ఉండదు. చెరువుల్లో, నదుల్లో, రిజర్వాయర్లలో సరదాగా గాలం వేసేవారికి లీడర్ విషయంలో తరచూ వచ్చే సందేహాలకు జవాబులివి.

రీలు నిండా దారం ఉండగా మళ్లీ లీడర్ ఎందుకు?

రీలు నుంచి వచ్చే ప్రధాన దారానికీ కొక్కేనికీ మధ్య కట్టే పొట్టి ముక్కే లీడర్. జానెడు నుంచి బారెడు దాకా ఉంటుంది. చేప పళ్లు, అడుగున రాళ్లు, నీట మునిగిన తుమ్మ మోళ్లు ముందుగా ఒరుసుకునేది ఈ ముక్కనే. చేప కంటికి దగ్గరగా ఉండేదీ ఇదే. వీటన్నిటికీ తట్టుకోవాలని దారం మొత్తం మందంగా పెడితే గాలం దూరం పోదు, రీలులో సరిపడా దారమూ పట్టదు. అందుకే ఆ చివరి ముక్కను వేరే దారంతో కడతారు. అది అరిగితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

లీడర్ ప్రధాన దారం కంటే గట్టిగా ఉండాలా?

గుండు అడుగున ఆనేలా వేసే గాలానికి లీడర్ కాస్త బలహీనంగానే ఉండాలి. ఇంట్లో ఫ్యూజు తీగ చేసే పనే ఇక్కడ లీడరూ చేస్తుంది. కొక్కెం ఏ మోడుకో తగులుకుని ఎంత లాగినా రాకపోతే ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. లీడర్ తెగితే పోయేది ఒక్క కొక్కెం. ప్రధాన దారం తెగితే గుండు, స్వివెల్ (దారాన్నీ లీడర్‌నూ కలిపే తిరుగుడు కీలు), వాటితోపాటు మీటర్ల కొద్దీ దారం నీళ్లపాలవుతాయి. అటువైపు చేప ఉంటే అంతకంటే ఘోరం. ఆ గుండునూ దారాన్నీ ఈడ్చుకుంటూ పోయి, ఏ కంపకో చుట్టుకుని అక్కడే చస్తుంది.

ప్రధాన దారం 15 పౌండ్లదైతే లీడర్ 10 లేదా 12 పౌండ్లది చాలు. చుట్ట మీద 10 పౌండ్లు అని ఉంటే సుమారు నాలుగున్నర కిలోల లాగుడుకు ఆగుతుందని అర్థం. అంతకు మించి బరువున్న చేప రాదని కాదు. నీళ్లలో చేప పూర్తి బరువు దారం మీద పడదు. రాడ్డు వంగుతుంది, రీలు డ్రాగ్ దారం వదులుతుంది. పళ్లున్న చేపల కోసం, రాళ్లున్న చోట మాత్రం లీడర్ మందంగానో, ఒరిపిడికి ఆగేదిగానో ఉండక తప్పదు.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. ఒకే రకం దారంలో మందం రెట్టింపైతే బలం దాదాపు నాలుగు రెట్లవుతుంది. మందం కాస్త పెరిగినా బలం బాగా పెరుగుతుందన్నమాట.

ఫ్లోరోకార్బన్ నీళ్లలో కనిపించదంటారు. నిజమేనా?

సగం నిజం. నీటి వక్రీభవన గుణకం 1.33. ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది సుమారు 1.53. నీటి అంకెకు ఎంత దగ్గరగా ఉంటే దారం మీద కాంతి అంత తక్కువగా వంగుతుంది, దారం అంత తక్కువగా కనిపిస్తుంది. ఫ్లోరోకార్బన్ నీటికి దగ్గరగా ఉందే తప్ప నీటితో సమానం కాదు. ఎండాకాలం తేటనీళ్లలో ఆ తేడా పనికొస్తుంది. వరద వచ్చి ఎర్రబారిన గోదావరిలో జానెడు లోతున ఏమీ కనిపించనప్పుడు దానికోసం అదనంగా డబ్బు పెట్టడం దండగ.

ఫ్లోరోకార్బన్ అసలు బలం వేరే చోట ఉంది. అది నీళ్లు పీల్చదు, నైలాన్ పీలుస్తుంది. గంటల తరబడి నానిన నైలాన్ కొంత బలం కోల్పోతుంది. రాతి ఒరిపిడికి ఫ్లోరోకార్బన్ బాగా ఆగుతుంది. సాంద్రత నీటికి సుమారు 1.78 రెట్లు కాబట్టి త్వరగా మునిగి అడుగున పడుకుంటుంది. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో దీన్ని గాలపు దారంగా తెచ్చింది.

అలాగని నైలాన్‌ను తీసిపారేయకండి. మెత్తగా ఉంటుంది, ముడి చక్కగా బిగుస్తుంది, చవక. చేప ఒక్కసారిగా గుంజితే సాగి ఆ కుదుపును తట్టుకుంటుంది. నీటిలో నెమ్మదిగా దిగుతుంది కాబట్టి బెండు గాలానికి ఇదే మేలు.

బ్రెయిడ్ అంత గట్టిది కదా, నేరుగా కొక్కేనికి కట్టేస్తే?

సన్నటి పాలిథిలీన్ పోగులను అల్లి చేసే దారం బ్రెయిడ్. అదే మందం నైలాన్ కంటే చాలా బలమైంది. అయితే రాతి అంచు తగిలితే పోగు పోగుగా తెగుతుంది. సాగదు కాబట్టి దగ్గరికొచ్చిన చేప విదిలిస్తే కొక్కెం ఊడిపోవచ్చు. తేటనీళ్లలో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే బ్రెయిడ్ వాడేవారు చివర నైలాన్‌దో, ఫ్లోరోకార్బన్‌దో లీడర్ కడతారు.

కొర్రమీనుకు కప్ప లూర్ (కప్ప ఆకారపు కృత్రిమ ఎర) వేసేటప్పుడు మాత్రం బ్రెయిడ్ నేరుగా కట్టడమే మంచిది. ఆ చేప తామరాకుల్లో, గుర్రపుడెక్కలో పొంచి ఉంటుంది. బ్రెయిడ్ నీటిపై తేలుతుంది, కాడలను కోసుకుంటూ వస్తుంది. ఫ్లోరోకార్బన్ లీడర్ అయితే మునిగి కప్ప మూతిని కిందికి లాగుతుంది. అన్ని ఆకుల మధ్య దారాన్ని చేప పట్టించుకోదు.

పళ్లున్న చేపకు ఉక్కు తీగ కావాలా?

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారు తీగ చేపలకు దవడల్లో పళ్లే ఉండవు. వాటి పళ్లు గొంతులో ఉంటాయి. మామూలు లీడర్ చాలు. వాలుగ సంగతి వేరు. దాని దవడల నిండా సన్నటి పళ్లు గుంపులుగా ఉంటాయి. ఒక్క కొరుకుతో దారాన్ని తెంచవు గానీ గరగరా రాస్తూ పలచన చేస్తాయి. 40 పౌండ్లకు పైబడిన మందపాటి నైలాన్ దానికి సరిపోతుంది. ఐరోపాలో పైక్ చేపకు, ఆఫ్రికాలో టైగర్ ఫిష్‌కు ఉక్కు తీగ తప్పనిసరి, ఎందుకంటే వాటి పళ్లు దారాన్ని కత్తిలా కోసేస్తాయి. మన చెరువుల్లో ఆ అవసరం అరుదు.

ఎంత పొడవు పెట్టాలి?

చేప ఎక్కడ మేస్తుందో దాన్ని బట్టి. బొచ్చె పైనీళ్లలో, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. అడుగున బరువైన గుండుతో పిండి ఎర వేస్తే 15 నుంచి 20 సెంటీమీటర్ల పొట్టి లీడర్ పనిచేస్తుంది. చేప ఎర పీల్చి కదలగానే గుండు బరువు తగిలి కొక్కెం దిగుతుంది. పారే నీళ్లలో వానపాము ఎర సహజంగా ఊగాలంటే 45 నుంచి 60 సెంటీమీటర్లు పెట్టండి. మరీ పొడవైతే చేప తాకిన సంగతి మీకు ఆలస్యంగా తెలుస్తుంది, ఈలోగా కొక్కెం గొంతులోకి పోతుంది. స్వివెల్‌తో కడితే రాడ్డు పొడవును మించకూడదు. మించితే స్వివెల్ రాడ్డు కొస దగ్గరే ఆగిపోతుంది, చేప మాత్రం చేతికందనంత దూరంలో ఉండిపోతుంది.

తెగింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసేదెలా?

తెగిన కొసను వెలుతురులో పట్టుకుని చూడండి. పంది తోకలా మెలి తిరిగి ఉంటే ముడి జారిందని అర్థం. తెల్లబారి గరుకుగా ఉంటే రాయో, పళ్లో రాసుకున్నాయి. నున్నగా తెగి ఉంటే పదునైనదేదో కోసింది. ముడి జారడానికి ఎక్కువగా కారణం పొడిగా బిగించడమే. పొడి దారం సరిగా బిగుసుకోదు, పైగా రాసుకుని వేడెక్కి అక్కడే దెబ్బ తింటుంది. బిగించే ముందు ఉమ్మితోనో, నీళ్లతోనో తడపండి. గట్టిగా ఉండే ఫ్లోరోకార్బన్‌ను ఇంకా నెమ్మదిగా బిగించాలి. కొక్కేనికి కట్టే క్లించ్ ముడికి ఐదారు చుట్లు చాలు. బ్రెయిడ్‌కు లీడర్ కలపడానికి డబుల్ యూని ముడి నేర్చుకోండి. బ్రెయిడ్ జారుడు దారం, దానివైపు చుట్లు ఎక్కువ వేయండి.

చేప పడిన ప్రతిసారీ లీడర్‌ను రెండు గోళ్ల మధ్య పైనుంచి కిందికి లాగి చూడండి. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడికి పైన కోసి మళ్లీ కట్టండి.

అయితే మొదట ఏది కొనాలి?

15 పౌండ్ల ప్రధాన దారం ఉన్నవారు 10 పౌండ్ల నైలాన్ చుట్ట ఒకటి కొనండి. చెరువులో బొచ్చె, శీలావతి వంటి గండె చేపలకు అది సరిపోతుంది. నీళ్లు తేటగా ఉన్నచోట, రాళ్లున్నచోట వేస్తుంటే అదే బలమున్న ఫ్లోరోకార్బన్ చిన్న చుట్ట చేర్చుకోండి. వాలుగ కోసం వెళ్లినప్పుడే మందపాటిది కొనండి. కోసిన ముక్కలు మాత్రం గట్టు మీద పారేయకండి. నైలాన్ ఏళ్ల తరబడి మట్టిలో కలవదు, కొంగల కాళ్లకు ఉచ్చవుతుంది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయండి.