జబ్బు కోడిని జబహ్ చేయవచ్చా?

ముదినేపల్లి చుట్టుపక్కల పెరటి కోళ్లు పెంచే కుటుంబాలకు కోళ్ల కలరా పెద్ద భయం. పాశ్చురెల్లా అనే సూక్ష్మజీవి రక్తంలో చేరితే కాలేయంలో కణజాలం చచ్చి తెల్లని చుక్కలు తేలుతాయి. తమ్మెలు వాస్తాయి, పచ్చని విరేచనాలు అవుతాయి. కొన్ని కోళ్లు ఏ లక్షణమూ లేకుండానే రాత్రికి రాత్రే చనిపోతాయి. 1880లో లూయీ పాశ్చర్ బలహీనపరచి టీకాగా మలచినది ఈ క్రిమినే.

కోడి కునికిపాట్లు పడగానే "చావకముందే కోసేద్దాం" అంటారు. ధర్మసమ్మతమేనా అని మమ్మల్ని అడుగుతుంటారు. ప్రాణముండగా అల్లాహ్ పేరుతో జబహ్ చేస్తే అది మృత జంతువు కాదు, నిజమే. కానీ బఖరా సూరా 168వ ఆయత్‌లో అల్లాహ్ హలాల్‌తో పాటు తయ్యిబ్‌ను, అంటే పరిశుద్ధమైన దానిని తినమన్నాడు. రోగంతో పాడైన మాంసం తయ్యిబ్ కాదు. జబ్బు దాచి అమ్మడం మోసం కూడా. తడిసిన ధాన్యాన్ని అడుగున ఉంచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించారు.

జబ్బు ఒంటెలను ఆరోగ్యవంతమైన వాటి వద్దకు తేవద్దనీ ఆయన (స) బోధించారు. కనుక జబ్బు కోడిని వేరు చేసి పశువైద్యునికి చూపించాలి. మందు వాడితే ఆయన చెప్పిన గడువు దాటేవరకు కోయరాదు. చనిపోయినదానిని కాలువలోనో చేపల చెరువులోనో పడవేయక, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. ఆ కాలువ నీరే పొరుగింటి కోళ్లూ తాగుతాయి. పొరుగువారి హక్కును కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.