ఊపిరికి పక్కనే ఒక పంపు

1960లో ఇంగ్లండులోని హార్వెల్ అణు పరిశోధన కేంద్రం నుంచి షేర్‌వుడ్, గ్రీన్‌హాల్ అనే ఇద్దరు ఒక చిన్న పంపును లోకానికి పరిచయం చేశారు. అది బ్యాటరీతో నడుస్తుంది. కార్మికుడి ఒంటికి తగిలించి, గాలి పీల్చే మూతిని అతని ముక్కుకు దగ్గరగా ఉంచుతారు. అంతవరకు గదిలో ఒకచోట నిలబెట్టిన యంత్రాలే రేడియోధార్మిక ధూళిని లెక్కగట్టేవి. ఒంటి మీది పంపు చూపిన లెక్క వాటికంటే ఎక్కువగా తేలింది. ధూళి లేచేది పనిచేసేవాడి చేతుల దగ్గరే. గది మూలనున్న యంత్రం దాకా వెళ్లేసరికి అది పలచబడిపోతుంది.

హైదరాబాద్ ఉత్తర శివార్లలో ఈ తేడా మరీ ముఖ్యం. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ ఔటర్ రింగు రోడ్డు. వాటి మీద రాత్రీ పగలూ లారీలే. నగరం చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పాత శామీర్‌పేట మండలంలోదే. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు. ఆ పక్క ఊళ్లలో వంట గ్యాస్ మీద చేసినా, స్నానానికి నీళ్లు కట్టెల పొయ్యి మీద కాచుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇలాంటి చోట ఒకే వీధిలో ఇద్దరు పీల్చే గాలి ఒకటి కాదు. స్తంభం మీది యంత్రం ఊరి గాలిని కొలుస్తుంది గానీ మనిషి ఊపిరిని కొలవలేదు.

పంపు మన దేశపు వంటింట్లోకి వచ్చింది పరిశోధకుడు కిర్క్ స్మిత్ చేతుల మీదుగా. ఆయన బృందం గుజరాత్ పల్లెల్లో వంట చేస్తున్న ఆడవాళ్లకు పంపులు తగిలించి, 1983లో ఫలితాలు ప్రచురించింది. పొయ్యి ముందు కూర్చున్నంతసేపూ వాళ్లు పీల్చిన గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 7 మిల్లీగ్రాముల ధూళి ఉంది. కాలుష్యమంటే ఫ్యాక్టరీ పొగగొట్టాలే అనుకుంటున్న రోజులవి. లోకంలోకెల్లా దట్టమైన పొగ పూరింట్లో, ఊదుగొట్టం పట్టుకున్న ఆడమనిషి ముఖాన కమ్ముతోందని అంకెలతో చూపించిన పని అది.

చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం, స్మిత్‌తో కలిసి, అదే ప్రశ్నను తెలుగు నేలకు తెచ్చింది. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 400కు పైగా పల్లె ఇళ్లలో ఊపిరితిత్తుల లోతుకు చేరే ధూళిని కొలిచారు. మేడ్చల్, శామీర్‌పేట మండలాలు అప్పట్లో రంగారెడ్డివే. 2004లో అచ్చయిన లెక్కల ప్రకారం, రోజు సగటున గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు, కట్టెలు, పిడకల వంటి ఇంధనాలు వాడే ఇళ్లలో 732 దాకా. అన్నిటికంటే ఘాటు పిడకల పొగ. వంట చేయనివాళ్లలో ఎక్కువ పొగ పడినది అరవై దాటిన ఆడవాళ్లకు. పనికెళ్లే వయసు మగవాళ్లకు అందరికంటే తక్కువ. పొయ్యి వదిలినా ముసలమ్మ ఇల్లు వదలలేదు కదా!

ఆ అధ్యయనంలో పంపులు గదుల్లో ఉన్నాయి. ఎవరు ఎక్కడ ఎంతసేపు గడిపారో అడిగి, మనిషికి అందిన మోతాదును లెక్కగట్టారు. మనిషినే వెంబడించే పని తర్వాతి తరానిది.

పంపు పనితీరు సులువుగానే అర్థమవుతుంది. నిమిషానికి 2 లీటర్ల గాలి లాగే పంపు అనుకుందాం. లోపలికొచ్చిన గాలి చిన్న గొట్టంలో గిర్రున తిరుగుతుంది. చేటతో చెరిగినట్టు బరువు రేణువులు ఆగిపోయి, తేలికవి ముందుకెళ్లి తెల్లటి టెఫ్లాన్ వడపోత బిళ్ల మీద పడతాయి. 24 గంటల్లో దాని గుండా వెళ్లేది 2,880 లీటర్లు, అంటే మూడు ఘనపు మీటర్లు కూడా కాదు. గాలిలో ఘనపు మీటరుకు 58 మైక్రోగ్రాములుంటే బిళ్ల మీద చేరేది మిల్లీగ్రాములో ఆరో వంతు. అందుకే ఆ బిళ్లను వేడి, తేమ మారని గదిలో ఆరబెట్టి, స్థిర విద్యుత్తు తొలగించి, గ్రాములో పది లక్షలో వంతు తేడాను పట్టే తక్కెడలో తూస్తారు. చేతి వేలు తగిలితే ఆ రోజు కొలత పోయినట్టే.

దీనికి తోడుగా మరో యంత్రం ఉంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో హాన్సెన్, రోజెన్, నొవకోవ్ 1984లో వివరించిన ఇథలోమీటర్ బిళ్ల నల్లబడే తీరును కాంతితో చదివి, మసిని అక్కడికక్కడే లెక్కగడుతుంది. ఒకప్పుడు బల్ల మీద పెట్టేంత ఉన్న ఆ యంత్రం ఇప్పుడు జేబులో పడుతుంది.

ఈ పనిముట్లన్నీ ఒక్కచోట చేరింది హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్న పల్లెల్లో. 1987 నుంచి 1990 దాకా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అక్కడి గర్భిణులకు, పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టి, ఎదుగుదలను పరిశీలించింది. ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక, వాళ్లనూ వాళ్ల కుటుంబాలనూ కలుపుకొని, బార్సిలోనాకు చెందిన ఐఎస్‌గ్లోబల్ పరిశోధకురాలు కాథ్రిన్ టోన్ 28 ఊళ్లలో ‘చాయ్’ అనే అధ్యయనం నడిపారు. 402 మంది రెండు కాలాల్లో ఒక్కో రోజు పంపులు మోశారు. కొందరు మెడలో కెమెరా, వెంట జీపీఎస్ కూడా పెట్టుకున్నారు.

ఊపిరితిత్తుల్లోకి దిగే సన్న ధూళి, అంటే పీఎం 2.5, సగటు మగవాళ్లకు 55.1, ఆడవాళ్లకు 58.5 మైక్రోగ్రాములు వచ్చింది. అసలు విశేషం వేరే ఉంది: వాళ్ల ఇంటి చుట్టూ ఉండే గాలికి అంచనా వేసిన ఏడాది సగటుకూ, ఒంటి మీది పంపు చెప్పినదానికీ పొత్తు కుదరలేదు. ఆడవాళ్ల అంకెను వంట, ఇంటి ఆర్థిక స్థితి నిర్ణయిస్తుంటే, మగవాళ్ల అంకెను బీడీ సిగరెట్లు, చేసే పని నిర్ణయిస్తున్నాయి.

అలాగని ఊరి గాలిని కొట్టిపారేయడానికి లేదు. అదే ఊళ్లలో 3,717 మందికి ఎముకల స్కానింగ్ చేసి 2020లో ప్రచురించిన ఫలితాల్లో, చుట్టుపక్కల గాలిలో పీఎం 2.5 పెరిగేకొద్దీ వెన్నెముకలో, తుంటిలో ఖనిజం తగ్గి కనిపించింది. వంట ఇంధనంతో మాత్రం సంబంధం తేలలేదు. ‘కట్టెలా, గ్యాసా’ అన్న ఒక్క ప్రశ్న పొయ్యి దగ్గరి మోతాదును చెప్పలేకపోయి ఉండవచ్చు. అక్కడి ఏడాది సగటు 32.8 మైక్రోగ్రాములు. మన దేశపు పరిమితి 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5. చట్టం సరేనన్న గాలిలోనే ఎముకలు పలచబడుతున్న జాడ కనిపిస్తుంటే, ఆ 40ని మళ్లీ చూడక తప్పదు.

2022లో మరో ఫలితం వచ్చింది. మన తమిళనాడుతో పాటు మరో మూడు దేశాల్లో మొత్తం 3,200 మంది గర్భిణులతో సాగిన ‘హాపిన్’ ప్రయోగంలో సగం మందికి గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. పీఎం 2.5 మోతాదు గ్యాస్ ఇవ్వనివాళ్లకు దాదాపు 70 మైక్రోగ్రాములుంటే, ఇచ్చినవాళ్లకు 24 మాత్రమేనని పంపులు చూపాయి. పుట్టిన బిడ్డల బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ తల్లులను చేర్చుకున్నది గర్భం వచ్చి కొన్ని వారాలు గడిచాక. అప్పటికే ఏళ్ల తరబడి పీల్చిన పొగ మాటేమిటి?

ఆ ప్రశ్నకు తగిన నేల మేడ్చల్‌లో ఉంది. ఘనపూర్‌లోని మెడిసిటీ ప్రాంగణం నుంచి పనిచేసే షేర్ ఇండియా అనే పరిశోధన సంస్థ, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో కలిసి 2009లో మేడ్చల్ మండలపు పల్లెల్లో ‘లైఫ్’ అధ్యయనం మొదలుపెట్టింది. 1,227 మంది యువతులను గర్భం దాల్చకముందే, లేదా తొలి నెలల్లోనే చేర్చుకుంది. పొగ ఎప్పటినుంచి లెక్కలోకి వస్తుందో తేలాలంటే, పంపు తగిలించాల్సింది ఆ దశలోనే.