అఫ్లాటాక్సిన్‌ను పట్టించే వెలుగు

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. ఏ రోగమో అంతుబట్టక దానికి 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. ఆరా తీస్తే మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దొరికింది. దానికి పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేసే విషమే అఫ్లాటాక్సిన్. అతినీలలోహిత దీపం కింద కొన్ని రకాలు నీలంగా, కొన్ని ఆకుపచ్చగా మెరిశాయి. బ్లూకి బీ, గ్రీన్‌కి జీ అని పేర్లు అలా వచ్చాయి.

ఆ మెరుపు కథ ఇంకా పాతది. 1852లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, క్వినైన్ ద్రావణం ఉన్న గాజు గొట్టాన్ని ఆ రంగుల గుండా జరుపుతూ పోయాడు. ఊదా రంగు కూడా దాటి, కంటికేమీ కనబడని చోటికి చేరాక గొట్టం నీలంగా వెలిగింది. ద్రావణం పీల్చుకున్న కాంతి కంటే వదిలిన కాంతి తరంగదైర్ఘ్యం ఎక్కువ. అఫ్లాటాక్సిన్‌ను కొలవడానికి ద్రవ క్రొమటోగ్రఫీలో వాడే ఫ్లోరెసెన్స్ డిటెక్టర్‌కి ప్రాణం ఈ తేడాయే. పదార్థాలను విడదీసే కాలమ్ నుంచి వచ్చే ద్రవం మీద జెనాన్ దీపపు కాంతిలోంచి ఒక గ్రేటింగ్ ఏరిన తరంగదైర్ఘ్యం పడుతుంది. ద్రవం వదిలే వెలుగును, దీపానికి ఎదురుగా కాకుండా లంబకోణంలో, రెండో గ్రేటింగ్ ఏరి ఫొటోమల్టిప్లయర్‌కు అందిస్తుంది.

ఆ రెండు గ్రేటింగులను ఎక్కడ నిలపాలన్నదే అసలు విద్య. అఫ్లాటాక్సిన్లకు 365 నానోమీటర్ల కాంతి వేస్తాం. బీ రకాలు 425 దగ్గర, జీ రకాలు 450 దగ్గర బాగా వెలుగుతాయి. అయితే 425 పెట్టేస్తే సరిపోదా? సరిపోదు. 365 కాంతి పడితే మొబైల్ ఫేజ్‌లోని (కాలమ్ గుండా పారే ద్రావణిలోని) నీరు కూడా రామన్ పరిక్షేపణంతో 417 దగ్గర వెలుగు చిమ్ముతుంది. అది పక్కనే ఉంటే బేస్‌లైన్ పెరిగి, చిన్న పీక్ అందులో కలిసిపోతుంది. అందుకే చాలామంది 435 నుంచి 450 లోపు నిలుపుతారు. సంకేతం కాస్త తగ్గినా, వెనక చీకటి చిక్కబడుతుంది. నా దృష్టిలో వెతకాల్సింది ఎక్కువ వెలుగును కాదు, వెలుగుకీ చీకటికీ మధ్య తేడాను.

తరంగదైర్ఘ్యాల వారీగా వెలుగును కొలిచే స్కాన్‌లో కనబడ్డ గుట్ట ఎవరిదో తేల్చడానికి మంచి ఉపాయం ఉంది. దీపం వైపు తరంగదైర్ఘ్యాన్ని పది నానోమీటర్లు జరపండి. గుట్ట కూడా జరిగితే అది ద్రావణిది, కదలకుండా ఉంటే పదార్థానిది. పుస్తకంలోని అంకెను నమ్మకుండా, పీక్ సెల్‌లో ఉండగా పంపు ఆపి, సొంత మొబైల్ ఫేజ్‌లోనే స్కాన్ చేసుకోవడం ఇందుకే.

ఇంకో చిక్కు: అన్నిటికంటే విషపూరితమైన బీ1, దానితోపాటు జీ1 నీళ్లలో మసకబారతాయి. కాలమ్ తర్వాత బ్రోమిన్‌తోనో అయోడిన్‌తోనో చర్య జరిపిస్తే, లేదా 254 నానోమీటర్ల దీపం చుట్టూ తిప్పితే అవి మళ్లీ గట్టిగా వెలుగుతాయి. ఆ అడుగు వదిలేసి తరంగదైర్ఘ్యం ఎంత సవరించినా లాభం లేదు.

యూరప్‌కు నేరుగా తినడానికి వెళ్లే వేరుశనగలో బీ1 కిలోకు 2 మైక్రోగ్రాములు దాటకూడదు, ఎండు మిరపకాయల్లో 5. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే బూజు చొరబడే అనంతపురం రైతుకీ, గుంటూరు మిరప వ్యాపారికీ ఈ అంకెలు బతుకుదెరువు లెక్కలు. ఇంత చిన్న మోతాదులను పట్టడానికి, కాలమ్‌లోంచి జీలు ముందు, బీలు తర్వాత వస్తాయి కాబట్టి మధ్యలో తరంగదైర్ఘ్యం మార్చే వీలూ ఉంది. కానీ మార్చినచోట బేస్‌లైన్ ఎగురుతుంది. వచ్చే లాభం కొద్దిదే అయితే ఒకే అంకె మీద నిలబడటం మేలు.