మూడు రోజుల దద్దు

పిల్లలకు ఒళ్లు పేలితే మన పల్లెల్లో అమ్మవారు పోసిందంటారు. గడపకు వేపమండలు కడతారు. గంగమ్మకు అంబలి పోస్తామని మొక్కుకుంటారు. అయితే ఒళ్లు పేలే జబ్బులన్నీ ఒకటి కాదు. నీటి పొక్కులు లేచేది ఒకటి. గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడంతో వచ్చేది తట్టు. ఈ రెండూ కాక ఇంకొకటి ఉంది. దాని పేరు రుబెల్లా.

రుబెల్లా మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది. ఒళ్లు కొద్దిగా వెచ్చబడుతుంది. చెవుల వెనక, మెడ వెనక బిళ్లలు కడతాయి. చేత్తో తడిమితే తెలుస్తాయి. ముఖం మీద సన్నగా ఎర్రటి దద్దు లేస్తుంది. ఒక రోజులోనే మెడకు, వీపుకు, కాళ్లకు దిగుతుంది. మూడు రోజులకు ఏమీ ఉండదు. పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. పెద్ద ఆడవాళ్లకు వస్తే వేళ్ల కణుపులు, మణికట్లు, మోకాళ్లు నొప్పి పుడతాయి. నాట్లు వేసి వచ్చినందుకు అనుకుని ఊరుకుంటారు. కొందరికి అసలు దద్దే లేవదు.

ఇంత చిన్న జబ్బుకు భయం ఎందుకు? కడుపులో బిడ్డ కోసం. గర్భిణికి మొదటి మూడు నెలల్లో రుబెల్లా వస్తే, పదిమందిలో తొమ్మిదిమంది దాకా బిడ్డకూ అది సోకుతుంది. కొందరికి కడుపు పోతుంది. నిలిస్తే బిడ్డకు కంట్లో శుక్లాలు, చెవుడు, గుండె జబ్బు రావచ్చు. ఐదో నెల దాటాక వస్తే ఈ ముప్పు బాగా తక్కువ.

అట్లాంటి బిడ్డ పుడితే గ్రహణం పట్టిందంటారు. గ్రహణం నాడు కూరగాయ తరిగిందనో, ఆకు తుంచిందనో తల్లినే అంటారు. తల్లి తప్పు ఇందులో ఏముంది? దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు లేచే తుంపర్లతో అంటుకునే జబ్బు ఇది.

ఈ నిజం బయటపడింది కూడా తల్లుల మాటల వల్లనే. 1941లో ఆస్ట్రేలియా దేశంలో, సిడ్నీ పట్నంలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు ఉండేవాడు. పుట్టుకతోనే శుక్లాలున్న పసిబిడ్డలు ఎక్కువగా వస్తుంటే, ఆయన తల్లులను అడిగి చూశాడు. ఆయన, తోటి డాక్టర్లు చూసిన బిడ్డలు 78 మంది. వాళ్లలో 68 మంది తల్లులకు కడుపుతో ఉండగా రుబెల్లా వచ్చిందని తేలింది. అప్పటికి రుబెల్లాకు రక్త పరీక్ష లేదు. తల్లుల జ్ఞాపకమే పరీక్ష.

ఇప్పుడు పరీక్ష ఉంది. అయినా రక్తం ఎప్పుడు తీయాలో తేదీలే చెబుతాయి. ఒక గర్భిణి అత్తతో కలిసి ఆరోగ్య కేంద్రానికి వచ్చిందనుకుందాం.

"ఇంట్లో ఎవరికైనా ఒళ్లు పేలిందా?" అని నర్సమ్మ అడిగింది.

"లేదు మేడం. పక్కింటి పిల్లోడికి అమ్మోరు పోసింది, అంతే" అంది అత్త.

"ఎప్పుడు పెద్దమ్మా?"

"పోయిన అమావాస్యకు ముందు. మూడు దినాల్లో దిగిపాయ. ఈ పిల్లే వాణ్ణి ఎత్తుకుని తిప్పుతా ఉండె."

"అప్పుడు నీకు ఎన్నో నెల అమ్మా?"

కోడలు వేళ్లు లెక్కపెట్టింది. "రెండో నెల మేడం."

అత్త "అంతే" అని తీసేసిన చోటే అసలు సంగతి ఉంది. జబ్బు అంటుకున్నాక దద్దు లేవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దద్దు లేవక ముందు ఒక వారం, లేచాక ఒక వారం అది ఇతరులకు అంటుకుంటుంది. పిల్లోడికి దద్దు లేచిన రోజు, గర్భిణి వాడి దగ్గరున్న రోజులు, చివరిసారి నెలసరి అయిన తేదీ, ఇంతకుముందు వేసుకున్న టీకాలు. ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని పోవాలి. చదువు వచ్చింది గదా! గర్భిణికి దద్దు లేవకపోయినా పోవాలి. మొదటిసారి తేలకపోతే రెండు మూడు వారాలకు మళ్లీ రక్తం తీస్తారు. తిరుపతి ప్రసూతి ఆసుపత్రికో, రుయా ఆసుపత్రికో పంపితే, లోపలికి పోకముందే ఈ అనుమానం చెప్పాలి. వరండాలో కూర్చున్న వాళ్లలోనూ గర్భిణులు ఉంటారు.

రుబెల్లాను పోగొట్టే మందు లేదు. రాకుండా టీకా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 ఆగస్టులో, 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు పసిపిల్లలకు 9 నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి ఉచితంగా వేస్తున్నారు. 2017 నాటికి 15 ఏళ్లు దాటిన ఆడపిల్లలకు అప్పుడు ఆ సూది అందలేదు. వాళ్లిప్పుడు కాన్పుల వయసులో ఉన్నారు. పెళ్లి కుదిరిన పిల్లకు చీరలు, సారె మాట్లాడేటప్పుడు ఈ సూది గురించి డాక్టరును అడిగితే బాగుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం వేయరు. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

పసిబిడ్డ కంటి పాప తెల్లగా కనిపించినా, చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. కడుపులోనే రుబెల్లా సోకిన బిడ్డ నుంచి ఏడాది దాకా అది ఇతరులకు అంటవచ్చు. బిడ్డను చూడ్డానికి వచ్చే చుట్టాల్లో గర్భిణులుంటే, ఎత్తుకోవద్దని గడప దగ్గరే చెప్పాలి.