పలకని అక్షరాలు పలికే చోటు

పిల్లలకు ఇంగ్లీషు స్పెల్లింగులు నేర్పేటప్పుడు మన నోట తరచూ వచ్చే మాట 'అక్కడ అది సైలెంట్'. నాలెడ్జ్‌లో కె సైలెంట్, సైన్‌లో జి సైలెంట్, సైకాలజీలో పి సైలెంట్. ఎందుకని అడిగితే 'అదంతే, బట్టీ పట్టు' అంటాం. ఆ జవాబు పిల్లలకు అన్యాయం చేస్తుంది. ఈ అక్షరాల్లో చాలావాటి వెనక ఒక నియమం ఉంది. తెలుగు ఛందస్సు కాస్త చదివినవాళ్లకు అది ఇట్టే పట్టుబడుతుంది.

ముందు హెలికాప్టర్ సంగతి చూద్దాం. ఫ్రెంచి దేశస్థుడు గుస్తావ్ పాంతో దామెకూర్ 1861లో రెండు గ్రీకు మాటలు కలిపి ఈ పేరు కట్టాడు. 'హెలిక్స్' అంటే మెలి తిరిగినది, 'ప్టెరోన్' అంటే రెక్క. అర్థాన్ని బట్టి విడదీస్తే హెలికో, ప్టర్ అని రెండు ముక్కలు రావాలి. నోరు మాత్రం హె-లి-కాప్-టర్ అని నాలుగు సిలబుల్స్‌గా పలుకుతుంది. రెక్కకు చెందిన పి తన మాటను వదిలేసి ముందు సిలబుల్‌లో చేరిపోయింది. జనం కూడా చెవికి అనువుగా తోచిన చోటే మాటను కోశారు. హెలి ఒక ముక్క, కాప్టర్ ఇంకో ముక్క అనుకున్నారు. హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్ అలా పుట్టినవే. గ్రీకులో కాప్టర్ అనే ధాతువే లేదు, ఇవాళ ఇంగ్లీషులో ఉంది! (హీలియంలోని 'హీలి'కి దీనితో చుట్టరికం లేదు. అది సూర్యుడి గ్రీకు పేరు నుంచి వచ్చింది.)

అదే ప్టెరోన్ టెరొడాక్టిల్‌లోనూ ఉంది. కోట్ల ఏళ్ల కిందట ఎగిరిన సరీసృపం పేరది. రెక్క, వేలు అనే రెండు మాటలు కలిస్తే వచ్చింది. అక్కడ పి రాస్తారు, పలకరు. హెలికాప్టర్‌లో అదే పి స్పష్టంగా వినిపిస్తుంది. ధాతువు ఒక్కటే, రాత ఒక్కటే. తేడా అంతా అది కూర్చున్న చోటులో ఉంది. ఇంగ్లీషులో సిలబుల్ 'ప్ట' అని మొదలుకాకూడదు. కానీ ఒక సిలబుల్ 'ప్'తో ముగిసి, తరవాతిది 'ట'తో మొదలైతే ఇబ్బంది లేదు. ముందు ఒక అచ్చు ఉంటే పి దాన్ని ఆనుకుని నిలబడుతుంది. ఆనుకోవడానికి ఏమీ లేకపోతే మౌనంగా ఉండిపోతుంది.

ఇది మనకు కొత్త విషయం కాదు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందని బడిలోనే నేర్చుకున్నాం. 'అజ్ఞాని'లో 'అ' హ్రస్వమైనా గురువే. సంయుక్తంలో మొదటి హల్లు పలుకుబడిలో తనకు ముందున్న అచ్చును అంటుకుంటుంది కాబట్టి దానికి ఆ బరువు వచ్చింది. ఇంగ్లీషులో అగ్నాస్టిక్ అనే మాట ఉంది. దేవుడు ఉన్నదీ లేనిదీ తెలియదనేవాణ్ని అలా అంటారు. 1869లో శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ దాన్ని తయారుచేశాడు. నాస్టిక్ అన్నప్పుడు ముందున్న జి పలకదు. 'అ' చేరగానే అగ్-నాస్-టిక్ అని పలుకుతుంది. ఇందులో మరో ముచ్చట ఉంది. గ్రీకు 'గ్నో', సంస్కృత 'జ్ఞా', తెలియడం అనే అర్థమున్న ఇంగ్లీషు 'నో' ఒకే పూర్వభాష నుంచి దిగివచ్చిన ధాతువులు. లేదనే అర్థంలో ముందు చేరే 'అ' కూడా ఉమ్మడి ఆస్తే. అచ్చు ముందు అది 'అన్' అవుతుంది. మనకు అనంతం, అనర్హత ఎలాగో వాళ్లకు అనార్కీ, అనానిమస్ అలాగ.

జ్ఞాపకానికి సంబంధించిన నిమానిక్‌లో ముందున్న ఎమ్ పలకదు, మతిమరుపుకు పేరైన అమ్నీషియాలో పలుకుతుంది. నాలెడ్జ్‌లో మూగగా ఉన్న కె, అక్‌నాలెడ్జ్‌లో వినిపిస్తుంది.

మాట చివర కూడా ఇదే తంతు. సైన్‌లో జి పలకదు, సిగ్నల్‌లో, సిగ్నేచర్‌లో పలుకుతుంది. స్తోత్రం అని అర్థమున్న హిమ్‌లో చివరి ఎన్ వినపడదు, హిమ్నల్‌లో వినపడుతుంది. శరత్కాలానికి పేరైన ఆటమ్, దాని విశేషణం ఆటమ్నల్ అంతే. బామ్ చివరి బి బంబార్డ్‌లో నోరు విప్పుతుంది. తరవాత అచ్చు చేరేసరికి జంటలో రెండో హల్లు కొత్త సిలబుల్‌లోకి జరిగింది, రెంటికీ చోటు దొరికింది. ఇలా జంటలుగా చూపిస్తే పిల్లలు ఆ స్పెల్లింగులను మళ్లీ మరిచిపోరు.

అయితే ఇది మనిషి నోటికి ఉన్న హద్దు కాదు, ఇంగ్లీషు తనకు తాను పెట్టుకున్న హద్దు. జర్మన్లు సైకాలజీలో పి పలుకుతారు, మోకాలికి వాళ్ల మాట 'క్నీ'. ఇంగ్లీషువాళ్లు కూడా సుమారు 17వ శతాబ్దం దాకా ఆ క-కారాన్ని పలికినవాళ్లే. పలుకు మారింది, అచ్చులో కుదురుకున్న రాత మారలేదు. నోటికి కష్టమైన జంట ఎదురైతే ఇంగ్లీషు ఒక హల్లును దిగమింగుతుంది. మన పల్లెల్లో అలా చెయ్యరు, ముందు ఒక అచ్చు చేరుస్తారు. ఇస్కూలు, ఇస్టేషను అనేవాళ్లను చూసి నవ్వకూడదు. ఇస్-కూ-లు అన్నప్పుడు స-కారం ముందు సిలబుల్‌లో హాయిగా కుదురుకుంది, ఒక్క హల్లూ పోలేదు.

అన్ని మౌనాలూ ఈ లెక్కలోకి రావు. అప్పును డెట్ అంటారు. అందులోని బి ఇంగ్లీషు నోట ఎన్నడూ పలకలేదు. ఫ్రెంచి నుంచి బి లేకుండానే వచ్చిన మాట అది. లాటిన్ 'డెబిటుమ్'ను గుర్తుచేయడానికి పండితులు తరవాత చేర్చారు.

హెలికాప్టర్‌లో చూసిన, ధాతువుకీ సిలబుల్‌కీ మధ్య పెనుగులాట ఫోటోగ్రఫీలో ఇంకా బాగా కనిపిస్తుంది. వెలుగు, రాత అనే రెండు గ్రీకు మాటల కూడిక అది. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు ఊనిక మొదటి సిలబుల్ మీద పడుతుంది, ముక్కలు అర్థం ప్రకారమే ఉంటాయి. ఫటాగ్రఫీ అనగానే ఊనిక రెండో సిలబుల్ మీదికి జరిగి 'టాగ్' అనే ముక్క వస్తుంది. అందులో ట వెలుగుది, గ రాతది. ఆ ముక్కకు సొంత అర్థం లేదు. పంక్తి చివర మాటను విరవాల్సి వస్తే నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ దారిలో నడిచిన అమెరికా నిఘంటువులు ఉచ్చారణను పాటించి 'టాగ్' దగ్గర విరిచాయి. బ్రిటన్ ముద్రాపకులు ధాతువుకు ఎక్కువ విలువ ఇచ్చారు. నాకు బ్రిటిష్ పద్ధతే నచ్చుతుంది, కంటికి అర్థం ముందే అందుతుంది కాబట్టి.

ఈ విరుపు పనిని కంప్యూటర్‌కు నేర్పినవారిలో ఒకడు ఫ్రాంక్ లియాంగ్. డొనాల్డ్ క్నూత్ తయారుచేసిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం కోసం, స్టాన్‌ఫర్డ్‌లో 1983లో ముగించిన పరిశోధనలో 4,447 అక్షర నమూనాలను రాబట్టాడు. వాటికి లొంగని 14 మాటలను విడిగా జాబితా కట్టారు. అందులో ప్రెజెంట్, ప్రాజెక్ట్ ఉన్నాయి. ప్రాజెక్ట్ నామవాచకమైతే ఊనిక ముందుకొచ్చి, జె మొదటి సిలబుల్‌లో చేరి, ప్రాజ్-ఎక్ట్ అవుతుంది. క్రియ అయితే ప్రొ-జెక్ట్. 'ముందుకు', 'విసురు' అనే లాటిన్ ధాతువులు విడివిడిగా నిలుస్తాయి. రాతలో రెండింటికీ తేడా లేదు. వాక్యం అర్థమైతేగాని ఎక్కడ విరవాలో తేలదు. అందుకే ప్రెజెంట్, ప్రాజెక్ట్ లాంటి మాటలను అసలు విరవవద్దని ప్రోగ్రాంకు చెప్పి ఉంచారు.