పాత ఫ్యాక్టరీల్లో సర్వర్ల కాపురం

కెనడాలో మాంట్రియల్ నగరానికి దగ్గర్లో బొహార్నువా అనే చిన్న ఊరుంది. అక్కడి అల్యూమినియం ఫ్యాక్టరీ 2009లో మూతపడింది. ఆ ఖాళీ షెడ్లను, వెబ్‌సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే ఫ్రాన్సు హోస్టింగ్ కంపెనీ ఓవీహెచ్ తీసుకుని, 2012 నాటికి సర్వర్లతో నింపడం మొదలుపెట్టింది.

అట్లాంటిక్ దాటి వచ్చి మరీ మూతపడ్డ ఫ్యాక్టరీని ఎందుకు ఎంచుకున్నట్టు?

కరెంటు కోసం. అల్యూమినియం తయారీకి విద్యుత్తు విపరీతంగా కావాలి. అందుకే ఆ ఫ్యాక్టరీని సెయింట్ లారెన్స్ నది నీళ్లతో నడిచే జలవిద్యుత్ కేంద్రం పక్కనే కట్టారు. ఆ కేంద్రం సామర్థ్యం సుమారు 1,900 మెగావాట్లు. ఫ్యాక్టరీ పోయినా కరెంటు దగ్గరే ఉంది, ధరా తక్కువే. సర్వర్లు రాత్రీ పగలూ నడుస్తాయి కాబట్టి హోస్టింగ్ కంపెనీకి నెలనెలా పడే పెద్ద భారం కరెంటు బిల్లే. స్థలం ఎక్కడైనా దొరకవచ్చు. అంత కరెంటు అందే స్థలం దొరకడమే కష్టం.

ఫ్రాన్సులోనూ ఆ కంపెనీది ఇదే లెక్క. ఉత్తర తీరంలోని గ్రావ్‌లీన్‌లో పాత ఫ్యాక్టరీనే డేటా సెంటర్‌గా మార్చుకుంది. ఆ ఊళ్లో ఆరు రియాక్టర్ల అణువిద్యుత్ కేంద్రం ఉంది. ఫిన్లాండ్‌లోని హమీనాలో గూగుల్ కూడా మూతపడ్డ కాగితపు మిల్లును 2009లో కొంది. మిల్లు కోసం తవ్విన సొరంగం గుండా చల్లటి సముద్రపు నీటిని తెచ్చి సర్వర్ల వేడిని తగ్గిస్తోంది.

కరెంటు తర్వాత చూసేది ఈ వేడినే. సర్వర్ వాడుకున్న విద్యుత్తంతా చివరికి వేడిగానే మారుతుంది. చలిదేశమైతే దాన్ని బయటికి పంపే ఖర్చు తగ్గుతుంది.

మూడోది దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 200 కిలోమీటర్లకు ఒక మిల్లీసెకను ఆలస్యం. బొహార్నువా నుంచి న్యూయార్క్‌కు ఇది కొన్ని మిల్లీసెకన్లే. భారతీయ ఖాతాదారులకు మాత్రం అక్కడి సర్వర్ దూరాభారం. వారికి దగ్గరగా ఓవీహెచ్ 2023లో ముంబయిలో డేటా సెంటర్ తెరిచింది.

చోటు బాగుంటే చాలదు, ఆ చోట ఎలా కట్టారన్నదీ, బ్యాకప్ ఎక్కడ ఉంచారన్నదీ ముఖ్యమే. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లోని ఓవీహెచ్ ప్రాంగణంలో మంటలు రేగి ఐదంతస్తుల భవనం కాలిపోయింది. పక్క భవనంలోనూ కొంత భాగం దెబ్బతింది. ప్రాణనష్టం లేదు. కానీ ప్రాంగణమంతా కరెంటు ఆపేయడంతో లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్న కొందరికి వెబ్‌సైటూ బ్యాకప్పూ రెండూ పోయాయి.

ఇప్పుడు ఈ లెక్కలు మన తీరానికీ వచ్చాయి. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ నెలకొల్పుతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. సముద్రగర్భ కేబుళ్లను అక్కడికి తేవడం ఆ ప్రణాళికలో భాగం. కేబుల్‌కు తీరం అనుకూలమే. కానీ విశాఖలో బొహార్నువా చలి లేదు. వేడిని తగ్గించడానికి ఎంత నీరు, ఎంత కరెంటు వాడతారో, అవి ఎక్కడి నుంచి తెస్తారో ప్రజలకు ముందే చెప్పాలి.

సొంత వెబ్‌సైటున్న చిన్న వ్యాపారి కూడా హోస్టింగ్ కంపెనీని రెండు ప్రశ్నలు అడగాలి: నా సర్వర్ ఏ ఊళ్లో ఉంది? బ్యాకప్ వేరే ఊళ్లో ఉందా?