డేటా, డేట్: ఒకే లాటిన్ మాట, రెండు దారులు

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒకసారి డాక్యుమెంట్‌లో "డేటా ఈజ్" అని రాయాలా, "డేటా ఆర్" అని రాయాలా అని మా టీమ్‌లో అరగంట వాదన. "ఆర్" అన్నవాళ్ళకి రూల్ తెలుసు, కారణం తెలీదు. నాకైతే రూల్ కూడా తెలీదు లెండి. ఆ కారణం లాటిన్‌లో ఉంది.

లాటిన్‌లో 'దరె' అంటే ఇవ్వడం. దాన్నుంచి వచ్చిన విశేషణం 'దతుస్'. మన 'ఇచ్చిన' లాంటిదే, కానీ జాగ్రత్త. 'ఇచ్చిన పుస్తకం' అంటే ఎవరో ఇచ్చినది. 'ఇచ్చిన మనిషి' అంటే ఇచ్చినవాడు. మన మాట రెండు వైపులా పనిచేస్తుంది. దతుస్ అలా కాదు, ఎప్పుడూ 'ఇవ్వబడిన' అనే అర్థమే.

ఇంకో తేడా. ఇచ్చిన ఉత్తరం, ఇచ్చిన ఉత్తరాలు... మన 'ఇచ్చిన' మారదు. దతుస్ మాత్రం పక్కనున్న నామవాచకం లింగం, వచనం, విభక్తి చూసి మారుతుంది. ప్రథమా విభక్తి ఒక్కటే చూద్దాం. ఏకవచనంలో పుంలింగానికి దతుస్, స్త్రీలింగానికి దత, నపుంసకానికి దతుమ్. బహువచనంలో అదే వరుసలో దతీ, దతై, దత. చూశారా, 'దత' రెండుసార్లు వచ్చింది! స్త్రీలింగంలో 'ఇచ్చినది', నపుంసకంలో 'ఇచ్చినవి'.

ఉత్తరాన్ని లాటిన్‌లో ఎపిస్తుల అంటారు, స్త్రీలింగం. రోమన్లు ఉత్తరంలో దాన్ని ఏ రోజు, ఏ ఊళ్ళో మనిషి చేతికి ఇచ్చారో రాసేవాళ్ళు. అక్కడ వాడే మాట 'దత'. అదే ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులోకొచ్చి 'డేట్' అయింది.

రెండో దత? యూక్లిడ్ 'దెదొమెన' అని గ్రీకులో ఒక పుస్తకం రాశాడు. దాని లాటిన్ పేరు 'దత', అంటే లెక్కలో మనకి ముందే ఇచ్చినవి. మన 'డేటా' ఈ బహువచనమే, ఏకవచనం 'డేటమ్'. సో, లాటిన్ ప్రకారం "ఆర్" వాళ్ళు కరెక్టే. కానీ 'అజెండా' కూడా లాటిన్‌లో బహువచనమే, దానికి ఎవరూ "ఆర్" పెట్టరు కదా! ఇంగ్లీషులో ఇప్పుడు చాలామంది డేటాని మనం 'ఇసుక' అన్నట్టు ఒకే ముద్దగా వాడుతున్నారు. నా ఓటు "ఈజ్"కే.

ఇంతకీ డేటాకి తెలుగులో 'దత్తాంశం' అంటాం. సంస్కృతం 'దత్త', లాటిన్ 'దతుస్' ఒకే మూలం నుంచి వచ్చిన చుట్టాలు. అక్కడా దత్తః, దత్తా, దత్తమ్ అని లింగాన్ని బట్టి మారుతుంది. దతుస్ అర్థంలో తికమక పడితే దత్తపుత్రుణ్ణి గుర్తుపెట్టుకోండి. ఆ పిల్లాడు ఇవ్వబడ్డవాడు. ఇచ్చినవాళ్ళు వేరే.